రాయి దగ్గర వంగిన గోడ

ఊరికే తన జాగా తనే వదులుకునేవాడు ఎక్కడైనా ఉంటాడా, ఇందులో ఏదో మతలబు ఉంది, అనుకుంది గురవమ్మ, గడ్డపార పట్టుకుని పెరట్లోకి నడుస్తూ, పక్క స్థలంలో మాబు కట్టుకుంటున్న ఇల్లు చూస్తే నవ్వొస్తుంది, పడగొట్టిన, పొగాకు కాల్చే బ్యారన్ ఇటుకలు, కోల్డ్ స్టోరేజీ వాళ్లు పారేసిన తలుపు, కిటికీకి లారీ ముందద్దం, దర్శి నుంచి అద్దంకి దాకా ఉన్న తుక్కంతా ఇక్కడికే చేరింది, అయినా పనితనం ఉంది వెధవకి, రోడ్డు దగ్గర్నుంచి గోడ తాడు పట్టినట్టు తిన్నగా వచ్చింది, వచ్చి వచ్చి సరిగ్గా సరిహద్దు రాయి దగ్గర వాడి వైపుకే రెండు మూరలు వంగి, రాయిని అవతలగా చుట్టి, అది దాటాక మళ్లీ దారిలో పడింది, ఏంట్రా మాబూ ఆ వంకర అంటే, ఇటుకలు అట్టా కుదిరాయిలే అత్తా అని నవ్వాడు, ఇటుకలు కుదరడమేమిటి, రేపు ఆ వంకరలోంచే ఇవతలికి జరుగుతాడు, మొగుడు పోయినదాన్నని అలుసు, ఈ పెరడు కాస్తా పోతే మిరపకాయలు ఎక్కడ ఆరబోసుకోవాలి, అందుకే ఇవాళ కంచె వేసి తీరాలి, రాయికి రెండు మూరలు ఇవతల, పూర్తిగా తన జాగాలో, పేచీకి తావు లేకుండా.

గడ్డపార మూరెడు లోతు దిగగానే బొగ్గులు, పిడికెడు కాదు, తట్టెడు, ఇక్కడ ఎప్పుడూ పొయ్యి లేదే, రాయి పాతేటప్పుడు కింద బొగ్గులు పోయాలమ్మాయ్, రాయిని ఎవడన్నా కదిపినా బొగ్గులు ఉన్నచోటే ఉంటాయి, అనేవాడు మామగారు, ఎవడన్నా కదిపినా, మాబు తండ్రి పోయిన ఏడు, అవును ఆ ఏడే, మొగుడు బుల్లయ్య మోకాళ్ల దాకా బురదతో ఇంటికొచ్చి, నడుం పట్టేసిందే, కాస్త ఆముదం కాచివ్వు అన్నాడు, ఏం మోశావయ్యా అంటే గోడ వైపు తిరిగి పడుకున్నాడు, తనూ రెట్టించలేదు, పొద్దున రాయి చుట్టూ మట్టి కొత్తగా కనిపించినా చూడనట్టే ఊరుకుంది.

పూడ్చెయ్ అత్తా, పాత పొయ్యి బొగ్గులై ఉంటాయిలే, అన్నాడు మాబు గోడ మీంచి, తను ఏమీ అడగకముందే, అంటే వీడికి తెలుసు, పునాది తియ్యకముందే తెలుసు, పోయిన మనిషిని పదిమందిలో దొంగ అనలేక గోడనే వంచుకున్నాడు, ఇన్నాళ్లూ పొద్దున్నే లేచి దొంగ కోసం గోడ అవతలికి చూసింది, దొంగసొత్తు తన కాళ్ల కిందే ఉంది, పూడ్చనురా మాబూ, ఆ వంకర విప్పి ఈ బొగ్గుల మీదుగా తిన్నగా కట్టుకో, అంది, గొంతు తనకే వినపడలేదు, మళ్లీ గట్టిగా అంది.