పారేయడం ఎందుకు

చిన్నకోడలు కర్టెన్లు కుడుతుంది. మిషను ఇంట్లోనే, వెనకగదిలో. ఆ ఆదివారం ఆ గదిలో ఆస్పత్రి పురిటివార్డు కోసం కుట్టిన తెల్ల కర్టెన్లు ఇస్త్రీ చేయించుకుని, ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని, పెళ్ళిచూపులకి ముస్తాబైనట్టు వరసగా వేలాడుతున్నాయి. సోమవారం పొద్దున్నే తీసుకెళ్ళి తగిలించాలి. నచ్చితే మిగతా వార్డులన్నీ ఆమెకే. నచ్చాల్సింది అక్కడి పెద్ద నర్సుకి. ఆవిడ కుట్టు చూడదు, కొలత చూడదు. గుడ్డలో ముక్కు పెట్టి వాసన చూస్తుంది. ఇదివరకు కుట్టినాయన సిగరెట్టు తాగుతాడని ఆవిడకి కర్టెనే చెప్పిందట. ఆయన మళ్ళీ ఆ గేటు తొక్కలేదు.

సరిగ్గా ఆ ఆదివారమే ముందుగదిలో గంజాయి సభ పెట్టారు.

గంజాయి అనకూడదు. చట్టం ఒప్పుకున్నాక వీధి చివర దుకాణం తెరిచిన రోజు నుంచి ఆ ఇంట్లో దాని పేరు ‘మొక్క’. అంతకుముందు ఇదే వాసన వస్తోందని పైవాటాలో అద్దెకున్నాయన్ని పెట్టెబేడాతో సహా వీధిలో పెట్టింది చిన్నకోడలి మొగుడి అన్న, ఈ బావగారే. ఇప్పుడు బావగారికి నడుంనొప్పి వచ్చింది. నొప్పి లేనివాడు పీలిస్తే మత్తు, ఉన్నవాడు పీలిస్తే మందు. మిక్సీ కొనాలన్నా నలుగురూ కూచుని మంచిచెడ్డలు తేల్చుకునే ఇల్లు అది. మొక్కని ఎలా పుచ్చుకోవాలో మాత్రం తేల్చకుండా ఉంటారా?

బావగారు చిటికెడు ఆకు కాయితంలో చుట్టి, నాలిక బారెడు చాపి అంచు పొడవునా తడిపాడు. జీవితమంతా స్టాంపులు అంటించినవాడిలా శ్రద్ధగా తడిపాడు. చిన్నకోడలు కుర్చీ రెండడుగులు వెనక్కి జరుపుకుంది.

"పొగే నయం. పీల్చిన నిమిషంలో తెలిసిపోతుంది. ఎక్కడ చాలనుకుంటే అక్కడ ఆపేయొచ్చు. పగ్గం మన చేతిలో ఉంటుంది" అన్నాడు బావగారు.

"ఊపిరితిత్తులు ఎవరి చేతిలో ఉంటాయి అన్నయ్యా?" అంది ఆడపడుచు. ఆమె దగ్గర కలంలాంటి మిషనుంది. "నాది పొగ కాదు, ఆవిరి. ఇందులో ఆకు కాలదు, వేడెక్కుతుందంతే."

"కాలితే పొగ, కాలకపోతే ఆవిరి. ముక్కు దాకా వచ్చాక రెండూ అక్కాచెల్లెళ్ళేనే."

ఆడపడుచు మిషను మూతి చప్పరించి, చీర కొంగుతో తుడిచి, "చూడు వదినా" అని పెద్దకోడలికి అందించింది. మాసిపోయిన ఆ కొంగుతోనే ఆమె పొద్దున్నుంచీ చెమటా ముక్కూ కూడా తుడుచుకుంది.

పెద్దకోడలు తీసుకోలేదు. "నాకు ఈ మొక్క రసం చుక్కలే హాయి. నాలిక కింద వేసుకుని కాసేపు నోరు మూసుకుంటే చాలు. పక్కింటివాళ్ళకి కూడా తెలీదు" అని నోరు తెరిచి, నాలిక పైకెత్తి, చుక్కలు ఎక్కడ వేయాలో అందరికీ చూపించింది. అందరూ వంగి చూశారు. చిన్నకోడలు గోడ గడియారం చూసింది.

"బావగారూ, ఈ గదిలో అగ్గిపుల్ల గీశారంటే ఆ కర్టెన్లు ఇక మీకే. పంచెల్లా కట్టుకుని తిరుగుదురు గాని" అంది చిన్నకోడలు, వెనకగది తలుపు కింద తడిగుడ్డ కుక్కుతూ.

"ఏమ్మా, మందు కూడా వద్దంటావా?"

"మందు మేడ మీద పుచ్చుకోండి. వదినా, మీ ఆవిరి కూడా అక్కడే."

అన్నాచెల్లెళ్ళిద్దరూ వెలివేసినవాళ్ళలా మెట్లెక్కారు. బల్ల మీద పెద్దకోడలు తెచ్చిన, మొక్క కలిపిన బిస్కెట్ల డబ్బా ఒకటి మిగిలింది. చిన్నకోడలు మూత తీసి చూసింది. పొగ లేదు, ఉమ్మి లేదు, ఒకళ్ళ మూతిది ఇంకొకళ్ళ మూతికి పోదు.

"మొత్తానికి ఇదొక్కటి మనుషుల పద్ధతిలా ఉంది" అంది.

ఆ మాట అన్నందుకు ఆమె తర్వాత తనని తాను చాలా తిట్టుకుంది.

పెద్దకోడలు చుక్కలేసుకుని సోఫాలో వాలింది. చిన్నకోడలి మొగుడు బిస్కెట్టులో పావుముక్క తిన్నాడు. అరగంట చూశాడు. ఏమీ కాలేదు. ఈలోగా మేడ మీదవాళ్ళు కళ్ళెర్రగా, మొహాలు ప్రసన్నంగా దిగొచ్చారు.

"ఏరా, ఎలా ఉంది?" అన్నాడు బావగారు.

"ఎలాగూ లేదన్నయ్యా. పిండీ పంచదారా."

"డబ్బా మీద గంటన్నర ఆగమని రాశారు" అంది చిన్నకోడలు.

"రాస్తారమ్మా. షాంపూ సీసా మీద రెండుసార్లు రుద్దుకోమని రాయరూ? అలాంటిదే ఇదీను" అంది ఆడపడుచు. "పని చేయకపోతే పోయింది గాని, పారేయడం ఎందుకు? ఒరేయ్ తమ్ముడూ, నువ్వు కానిచ్చెయ్."

ఆ ఇంట్లో చిన్నకొడుకు ఉద్యోగం అదే. అడుగున మిగిలిన అన్నం, గిన్నెకంటిన కూర, చుట్టాలు కొరికి వదిలేసిన కేకుముక్క, అన్నీ ఆయన కంచంలోకే వస్తాయి. ఆయన కానిచ్చేస్తాడు. ఆ పూటా కూచుని, పేపరు చదువుకుంటూ, డబ్బా కానిచ్చాడు. ఒక్కటి మాత్రం వదిలేశాడు. ఆఖరిది తినడం మర్యాద కాదని.

సాయంత్రం చిన్నకోడలు ఆడపడుచు మిషను పట్టకారుతో పట్టుకుని బల్ల మీంచి తీస్తుంటే వెనకగదిలో ప్లాస్టిక్ చిరిగిన చప్పుడైంది. పరిగెత్తింది. మొగుడు తెల్ల కర్టెనొకటి లాక్కుని, మెడ దాకా చుట్టుకుని, మూల కూచుని వణుకుతున్నాడు.

"ఏవండీ, ఏంటిది?"

"చలేస్తోందే. గట్టిగా మాట్లాడకు, వీళ్ళు వింటున్నారు" అన్నాడు, మిగతా కర్టెన్లని చూపిస్తూ.

"ముందు అది విప్పండి. మీకు దణ్ణం పెడతా."

విప్పలేదు. ముందుకి వంగి, తిన్నదంతా ఆ కర్టెన్లోనే కక్కాడు. నమిలీ నమలని బిస్కెట్టు, మధ్యాహ్నం అన్నం, పుల్లటి జిగురు. కక్కాక మూతి కూడా దాని అంచుకే తుడుచుకున్నాడు, శుభ్రమైన మనిషి గనక.

చిన్నకోడలు అరవలేదు. అరవాలంటే ఊపిరి పీల్చాలి. ముక్కు మూసుకునే మొగుణ్ణి కర్టెనుతో సహా బాత్రూములోకి ఈడ్చి, బకెట్టు ముందు కూలేసింది. మిగతావాటిని బయటికి తెచ్చి కిటికీ తెరిచింది. దేవుడి దయవల్ల పాడైంది ఒకటే.

ఆడపడుచు ఇప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుని డబ్బా చదివింది. "అయ్యో, లేటుగా ఎక్కుతుందట. ఎక్కితే ఓ పట్టాన దిగదట. రేపటికీ మనిషి కాడు వీడు."

ఒక కర్టెనుకి సరిపడా గుడ్డ ఉంది. కుట్టేటప్పుడు రెండో కొస పట్టుకోవడానికీ, పొద్దున్న నిచ్చెనెక్కి తగిలించడానికీ మనిషి కావాలి. మామూలుగా అది మొగుడి పని. పెద్దకోడలు నోరు తెరుచుకుని గురక పెడుతోంది. నాలిక కింద ఎక్కడో ఇప్పుడు అడక్కుండానే కనిపిస్తోంది. ఆడపడుచుకి కుర్చీ ఎక్కితేనే కళ్ళు తిరుగుతాయి. బావగారు మాత్రం మేడ మీద ఎక్కింది ఎప్పుడో దిగిపోయి, కుదురుగా కూచుని జంతికల్లాంటివేమైనా ఉన్నాయా అని డబ్బాలు వెతుకుతున్నాడు.

పొద్దున్నుంచీ ఆమెకి అందరికన్నా రోత పుట్టించిన మనిషే పనికొచ్చేలా మిగిలాడు.

"బావగారూ, స్నానం చేయండి."

"పొద్దున్నే చేశానమ్మా."

"మళ్ళీ చేయండి. తలకి కూడా."

మేడ మీది కుళాయి కింద ఆయన స్నానం చేసి వచ్చాడు. ఆమె దూరంనుంచే వాసన చూసి వెనక్కి పంపింది. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ పంపింది. చివరికి తమ్ముడి రెయిన్‌కోటు తొడుక్కుని, నెత్తికి ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని, చేతులకి గిన్నెలు తోమే తొడుగులతో గుడ్డ కొస పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మాయ్, నా నడుం..."

"మందు పుచ్చుకున్నారుగా. కొంచెం పైకెత్తి పట్టుకోండి."

సోమవారం పొద్దున పెద్ద నర్సు ఒక్కొక్క కర్టెన్లోనూ ముక్కు పెట్టింది. కొత్తగా కుట్టినదాని దగ్గర ఎక్కువసేపు ఆగింది. నర్సు ముక్కు కర్టెను వదిలి నిచ్చెన వైపు తిరిగింది.

"ఎవరమ్మా ఆయన? మనిషంతా సబ్బే."

"మా బావగారండీ. శుభ్రం కాస్త ఎక్కువ."

"అలాంటివాళ్ళే కావాలి. మిగతా వార్డులకి కూడా ఆయన్నే తీసుకురా."

నిచ్చెన మీద బావగారు నడుం పట్టుకుని మూలిగాడు.

ఇంటికొచ్చేసరికి మొగుడు లేచి, మొహం వేలాడేసుకుని, ఆకలేస్తోందన్నాడు. బల్ల మీద డబ్బాలో ఆఖరి బిస్కెట్టు అలాగే ఉంది. పెద్దకోడలు దాన్నే చూస్తోంది.

"ఒక్కటే కదా, పారేయడం ఎందు..."

చిన్నకోడలు ఆ మాట పూర్తి కానివ్వలేదు. బిస్కెట్టు పట్టకారుతో తీసి చెత్తబుట్టలో పడేసింది. వాళ్ళ సంగతి తెలుసు గనక, పైన ఫినాయిల్ కూడా పోసింది.