కాలరు మొన దగ్గర

పన్నెండు యంత్రాలూ ఒకేసారి జంకాయి.

కాలరక్క కత్తెర ఆపి మరీ చూసింది. గాజు గోడకు అవతల వరుసగా నిలబడ్డ ఇనుప చేతులు కాలరు గుడ్డను సూది కిందికి తోసుకుంటూ పోతున్నాయి. నిటారు కుట్టంతా ఏ ఆటంకమూ లేకుండా సాగిపోతుంది. సరిగ్గా మొన దగ్గరికి వచ్చేసరికి ప్రతి చెయ్యీ టక్కున ఆగి, వేడి గిన్నె తగిలినట్టు వెనక్కి లాక్కుని, మళ్ళీ ముందుకొచ్చి గుడ్డ తిప్పుతుంది. ఆ జంకు ఎవరిదో ఆమెకు తెలుసు. తనదే.

ఆ చొక్కాల ఫ్యాక్టరీలో ఆమె పదకొండేళ్ళు కాలర్లే కుట్టింది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు, అందరికీ కాలరక్కే. ఆమె కుట్టిన కాలరు మడిచి రెండు మొనలూ ఒకదాని మీద ఒకటి పెడితే వెంట్రుకవాసి తేడా ఉండదు. ఆ చేతి కోసమే ఆర్నెల్ల కిందట కంపెనీ తీగలు కుట్టిన నల్లటి తొడుగులు తెచ్చింది. మూడు వారాలు వాటిని తొడుక్కునే కుట్టింది. ఇనుప చేతులకు నేర్పడానికి వేలు కదిలిన ప్రతిసారీ కంప్యూటరు రాసుకుంది. ఆ పని అయిపోయాక మేనేజరు ఆమె చేతికి పూలగుత్తి ఇచ్చి, ఫోటో తీయించి, మర్నాడే మిషను మీంచి లేపి, దారాలు కత్తిరించే బల్ల దగ్గర నిలబెట్టాడు. అక్కడ కుర్చీ లేదు.

"మీ చెయ్యి ఇక్కడే శాశ్వతంగా ఉండిపోతుందమ్మా," అన్నాడు ఆ రోజు నవ్వుతూ.

"చెయ్యి ఉంటుంది సార్. మరి నేనో?"

ఆయన ఫోటో తీసేవాడి వైపు తిరిగాడు.

యంత్రాలు నడవడం మొదలైన రోజు కళ్ళద్దాల ఇంజనీరు ఆ జంకుని చూసి మురిసిపోయాడు. నేర్పున్న చెయ్యి మొన తిప్పే ముందు క్షణం సేపు ఆలోచిస్తుందనీ, కాలరు అంత చక్కగా రావడానికి అదే కిటుకనీ తేల్చేశాడు. దానికి 'నిపుణ విరామం' అని పేరు కూడా పెట్టి గోడకు బోర్డు తగిలించాడు. ఆయన గానీ మేనేజరు గానీ కాలరక్కను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

"విరామమట, విరామం!" అంది ఆమె తోటికోడలు. అదే హాల్లో చేతిపట్టీలు కుడుతుంది. "రెండేళ్ళ కిందట నేను నెత్తురు తుడిచిన గుడ్డ కూడా ఆ పక్కన వేలాడేస్తే పోయేది."

రెండేళ్ళ కిందట మేనేజరు అన్ని మిషన్లకూ గార్డులు తీయించాడు. గార్డంటే సూది ముందుండే చిన్న ఇనుప కంచె. వేళ్ళు సూది కిందికి పోకుండా ఆపుతుంది. అది అడ్డముంటే మొన దగ్గర గుడ్డ తిప్పడం ఆలస్యమవుతోందని ఆయన బాధ. తీయించిన నాలుగో రోజున సూది కాలరక్క కుడి బొటనవేలి గోటిలోంచి దిగి ఎముకలో విరిగింది. గాయం మానింది కానీ వేలి కొసకు స్పర్శ పోయింది. అప్పట్నుంచీ మొన దగ్గరికి రాగానే, వేలు ఎక్కడుందో కళ్ళతో చూసుకోవడానికి చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. కిటుకంటే అదే.

ఆ రోజు ఆస్పత్రి బండి ఎక్కించే ముందు ప్రమాదాల రిజిస్టరు తెచ్చి సంతకం పెట్టమన్నారు. 'స్వంత అజాగ్రత్త వల్ల' అని అప్పటికే రాసి ఉంది. కుడి చేతికి చుట్టిన గుడ్డ తడిసి కారుతోంది. ఎడమ చేత్తో, పలక పట్టిన పిల్ల రాసినట్టు వంకరటింకరగా గీసింది. తరవాత ఏ పని చేస్తున్నా ఆ మాటలు ముల్లులా గుచ్చుతూనే ఉన్నాయి. ఇన్నేళ్ళూ వెంట్రుకవాసి తేడా రానివ్వని మనిషికి అజాగ్రత్తా?

యంత్రాలొచ్చిన రెండో నెలలో యజమాని దిగాడు. "మనుషుల్ని లేపేసి, మనుషుల కంటే నెమ్మదిగా కుట్టే ఇనుము పెట్టావా?" అని మేనేజర్ని హాలు మధ్య నిలబెట్టి కడిగేశాడు. ఇంజనీరు ఆ విరామాన్ని కోసేసి చూశాడు. గుడ్డ తిప్పడమంతా ఆ వెనక్కి లాక్కోవడంతోనే ముడిపడి ఉంది. అది తీసేస్తే మొనలు ముడుచుకుపోయాయి. ఇక మళ్ళీ మొదటినుంచి, ఆగని చేతితో రాయించుకోవలసిందే.

మేనేజరు కాలరక్కను గదిలోకి పిలిపించాడు. కూర్చోమని కుర్చీ చూపించడం అదే మొదటిసారి.

"తొడుగులు వేసుకుని మళ్ళీ కుట్టు. ఈసారి ఆగకుండా. నిన్ను ట్రైనరుగా పెడతాను."

ఆమె కూర్చోలేదు. "ఎందుకు ఆగుతుందో మీకు తెలీదా సార్?"

"అలవాటు. మానుకో."

"గార్డు ఎవరు తీయించారో ఆ రిజిస్టర్లో మీ చేత్తో రాయండి. అప్పుడు చూద్దాం."

మేనేజరు మొహం కందగడ్డలా అయింది. "నీతో బేరాలేంటి నాకు? నువ్వొక్కదానివేనా కుట్టేది? నీ తోటికోడలి చేత కుట్టించుకుంటా. నీకు ఆ బల్ల కూడా ఉండదు, గుర్తుపెట్టుకో."

సాయంత్రం వంటింట్లో తోటికోడలు ముఖం గంటు పెట్టుకుని బియ్యం కడిగింది. కాలరక్క ఆమె చిన్నవాడి చొక్కాకు గుండీ కుడుతోంది. స్పర్శ లేని వేలికి గుండీ దొరక్క రెండుసార్లు జారింది.

"నాకూ కబురొచ్చింది అక్కా," అంది తోటికోడలు నీళ్ళు ఒంపేస్తూ. "రేపు నేను తొడుక్కుంటున్నా."

"ఊఁ."

"ఊఁ ఏంటి, తిట్టు! ట్రైనరు ఉద్యోగం కాళ్ళ దగ్గరికొస్తే తన్నేశావు. నీకు పౌరుషం ఎక్కువ, నాకు ఇద్దరు పిల్లలు ఎక్కువ. నా పట్టీల మిషను కూడా రేపో మాపో లేపేస్తారు. ఇద్దరం ఇంట్లో కూర్చుని ఎవరి మొహం చూసుకుందాం?"

"తిట్టనే చిన్నదానా. తొడుక్కో," అంది కాలరక్క. "వేలు మాత్రం జాగ్రత్త."

ఆ మాటకు తోటికోడలు ఇంకా మండిపడి, గిన్నె పొయ్యి మీద ఠంగున పెట్టింది.

మర్నాడు ఉదయం కాలరక్క పాత మిషను ముందు తోటికోడలు కూర్చుంది. తొడుగులు బిగించారు. నిటారు కుట్టు బ్రహ్మాండంగా వచ్చింది. మొన దగ్గర చెయ్యి ఆగిపోయింది. రెండో కాలరు. మొన దగ్గర చెయ్యి వెనక్కి వచ్చింది. మూడోది కూడా అంతే.

"ఆగొద్దంటే బుర్రకెక్కదా?" మేనేజరు కేకేశాడు.

"నేనాగట్లేదు సార్. చెయ్యి ఆగుతోంది."

ఆమెను లేపి ఇంకొకామెను కూర్చోబెట్టారు. తరవాత మరొకామెను. నెత్తురు చూసిన చేతులే అన్నీ. ఎవరి చెయ్యీ సాగలేదు.

ఇంజనీరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అసలు ఎందుకు ఆగుతున్నారు మీరంతా?" అన్నాడు. వచ్చిన ఇన్ని నెలల్లో ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది.

తోటికోడలు మేనేజరు వంక చూసింది. బల్ల దగ్గర నిలబడ్డ కాలరక్క వంక చూసింది. వేలెత్తి మిషను మీదున్న రెండు ఖాళీ మర చిల్లులు చూపించింది.

"అక్కడ గార్డుండేదండీ."

ఇంజనీరు ఆ చిల్లుల మీదికి వంగి చాలాసేపు చూసి, తన కాగితంలో ఏదో రాసుకున్నాడు. అది యజమాని దగ్గరికి పోయే కాగితమని మేనేజరుకు తెలుసు. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టేలోపు మెకానిక్కు వచ్చి ఆ మిషనుకు కొత్త గార్డు బిగించాడు. వెనకే మేనేజరు రిజిస్టరు చంకలో పెట్టుకుని బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇదిగో, గార్డు పెట్టించా. నువ్వడిగినట్టే రిజిస్టర్లోనూ రాశా. ఇక్కడ సంతకం చేసి మిషనెక్కు." పెన్ను మూత కూడా తనే తీసి ఇచ్చాడు.

కాలరక్క చదివింది. 'గార్డు మొదటినుంచీ ఉన్నది. కార్మికురాలు తన సౌకర్యం కోసం తానే తొలగించుకున్నది.'

"బాగా రాశారు సార్," అంది. "దస్తూరీ బావుంది."

"వేళాకోళాలొద్దు. ఇది చేస్తే ట్రైనరువి. చెయ్యకపోతే గేటు అటుంది."

ఆమె రిజిస్టరు బల్ల మీద పరుచుకుంది. పెన్ను జారకుండా బొటనవేలిని కళ్ళతో చూసుకుంటూ సర్దుకుని, ఆయన రాసినదాని కింద కుడి చేత్తో రాసింది: 'గార్డు లేదు. తీయించినది మేనేజరు. నాకు అజాగ్రత్త లేదు.' కింద తన పూర్తి పేరు పెట్టింది. నిదానంగా, గుండ్రంగా.

మేనేజరు చెయ్యి చాచేలోపే తోటికోడలు రిజిస్టరూ పెన్నూ లాక్కుంది.

"ఏయ్! ఇటివ్వు! ఆ పేజీ చింపి పారేస్తా!"

"చింపండి సార్," అంది తోటికోడలు. "పేజీలకు నంబర్లున్నాయి. మధ్యలో ఒకటి ఎగిరిపోతే ఇంజనీరుగారు దానికి కూడా ఏదో పేరు పెడతారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. తోటికోడలు ఆ రాత కింద తనూ సంతకం పెట్టి, రిజిస్టరూ పెన్నూ పక్కామెకు ఇచ్చింది.

"బయటికి పో!" మేనేజరు కాలరక్క మీద అరిచాడు. "ఈ క్షణమే!"

ఆమె కత్తెర బల్ల మీద పెట్టి కొంగు దులుపుకుంది. "పోతాను. చెయ్యి ఇక్కడే ఉంటుందిగా. దానికి మీరే జవాబు చెప్పుకోండి."

గేటు వైపు నడుస్తుంటే వెనక ఆయన గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది. రిజిస్టరు ఇమ్మని కాసేపు, తన పెన్ను ఇమ్మని కాసేపు అరుస్తున్నాడు. పెన్ను అప్పటికి బొత్తాలు కుట్టే వరుస దాకా పోయింది.