గడ్డిలంక తగవు

మా ఆల్డర్‌కూంకీ అవతలి స్లేడ్‌బరీకీ మధ్య పొలిమేర ఒక వాగు. మా తాతల నాటి వరదకు అది దారి మార్చుకోవడంతో, పాత పాయకూ కొత్త పాయకూ నడుమ ఒక గడ్డిలంక మిగిలింది. అంత చిక్కటి గడ్డి రెండూళ్లలో మరెక్కడా లేదు. పాత పాయే హద్దని మేము, కొత్త పాయే హద్దని వాళ్లు. వసంతంలో పాదిరిగారు ముందు నడవగా ఊరంతా పొలిమేర చుట్టేటప్పుడు, మావాళ్లు పాత పాయ దాకా వెళ్లి, హద్దు ఇదేనని గుర్తుగా గట్టును కర్రలతో బాది వచ్చేవాళ్లు. కోతలప్పుడు తలలు పగిలేవి. మా అన్న ఎనక్ కన్ను ఆ కొట్లాటలోనే పోయింది. అయినా లంకను వదల్లేదు. మాలాంటి కూలీ ఇళ్ల ఆవులకు చలికాలం మేత ఆ గడ్డే.

కెజియా ప్రింగ్ ఎక్కడో దూరం నుంచి వచ్చి ఒబడయా లగ్ గారి కొట్టంలో పాలు పితికే పనికి కుదిరింది. లగ్ గారు పెద్ద రైతు. పేదల కోసం ఊరి దగ్గర పన్ను వసూలు చేసే పెత్తనం కూడా ఆ ఏడు ఆయనదే, ఆ పన్నులో పెద్ద వాటా కట్టేదీ ఆయనే. పెళ్లికాని తల్లికి బిడ్డ ఏ ఊరి నేల మీద పుడితే ఆ ఊరే దాన్ని పోషించాలని చట్టం. కెజియా కడుపుతో ఉందని తెలిసిన నాటి నుంచి లగ్ గారికి కంటి మీద కునుకు లేదు.

నొప్పులు మొదలైన పొద్దున ఆయనే బండి కట్టించాడు. స్లేడ్‌బరీలో మంచి మంత్రసాని ఉందన్నాడు. పక్కింటిదాన్ని కనుక నేనూ ఎక్కాను. వంతెన దగ్గర స్లేడ్‌బరీవాళ్లు పారలు, కర్రలు పట్టుకుని అడ్డంగా నిలబడి ఉన్నారు.

“బండి తిప్పండి లగ్ గారూ. మీ ఊరి బరువు మీరే మొయ్యండి” అన్నాడు వాళ్ల పెద్ద.

లగ్ గారు బండిని ఇంటివైపు తిప్పలేదు. లంకలోకి తోలి మమ్మల్ని దింపి, మాట్లాడి వస్తానని బండితో సహా వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. మధ్యాహ్నానికి గడ్డివామి పక్కన, నా చేతుల్లోనే ఆడపిల్ల పుట్టింది.

“ఇది ఏ ఊరక్కా?” అని అడిగింది కెజియా.

“మనదేనమ్మా” అన్నాను. ఆ మాటకు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

తగవు న్యాయాధికారుల ముందుకు వెళ్లింది. లగ్ గారు బైబిలు మీద చెయ్యివేసి, కొత్త పాయే హద్దనీ, మా తాతలు పొరబడ్డారనీ, లంక ఎప్పటికీ స్లేడ్‌బరీదేననీ ప్రమాణం చేశాడు. స్లేడ్‌బరీ పెద్ద కూడా ప్రమాణం చేశాడు, లంక తమది కానే కాదని. సొంత భూమి పోతుందని తెలిసి ఏ మనిషీ అబద్ధమాడడని అధికారులు లగ్ గారి మాటే నమ్మారు. బిడ్డ తల్లితో సహా స్లేడ్‌బరీకి పోయింది, దానితోపాటు లంకా పోయింది.

వాళ్లు వారం తిరక్కుండా చుట్టూ ముళ్లకంచె నాటారు. చలికాలానికి మేత లేక మా వీధిలో ఆవులన్నీ అమ్ముడుపోయాయి. వాటిని కారుచౌకగా కొన్నది లగ్ గారే. ఆయన గడ్డి ఆయనకుంది.

జనం ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. తిట్లన్నీ కెజియాకే. మా ఎనక్ అయితే ఆమె పేరెత్తితే ఉమ్మేసేవాడు.

“ప్రమాణం చేసింది లగ్ కదా అన్నా” అన్నాను ఒకసారి.

“తెలుసు. రేపు పొద్దున పనికి పోవాల్సింది ఆయన దగ్గరికే కదా” అన్నాడు తల ఎత్తకుండా.

స్లేడ్‌బరీలో పేదలను ఉంచే ఇంట్లో ఆ పిల్ల దగ్గుతో పోయింది, ఇంకా మంచు కరగకముందే. మట్టి చేసిన మర్నాడు కెజియా మా గుమ్మంలోకి వచ్చింది. ఓడరేవుకు వెళ్లి పని వెతుక్కుంటానంది. నేను రొట్టె తెచ్చేలోపు ఎనక్ లేచి తలుపు మూసేశాడు. నేను తెరిచి చూసేసరికి ఆమె వీధి చివరికి వెళ్లిపోయింది. పిలిచాను. వెనక్కి తిరగలేదు.