ఒక పడవకి ఒకే పేరు

"గంగమ్మ ఎవరు? ముందుకు రావాలి!"

మత్స్యశాఖ ఆఫీసు వరండాలో నిలబడి ఆఫీసరు కృపారావు కేకేయడం ఇది మూడోసారి. ఎదురుగా రేకుల షెడ్డు కింద నలభై పడవల తాలూకు జనం కూచుని ఉన్నారు. ఒక్కరూ లేవలేదు.

"నూట పదిహేడో నంబరు పడవ. యజమాని గంగమ్మ. ఐదింటిలోగా వచ్చి వేలిముద్ర వేయకపోతే పడవ రద్దు."

రద్దు అన్న మాట వినగానే చివరి వరసలోంచి వెంకాయమ్మ లేచింది. నలభై అయిదేళ్లుంటాయి. తుఫానులో పడవతో పాటు మొగుణ్ణి కూడా పోగొట్టుకున్న మనిషి.

"గంగమ్మ రాదు బాబుగారూ."

"ఏం, ఊళ్లో లేదా?"

"ఊళ్లోనే ఉంది. గుళ్లో ఉంది."

షెడ్డంతా గొల్లున నవ్వింది. కృపారావు మొహం ఎర్రబడింది.

అద్దాల గదిలో కంప్యూటర్ ముందు కూచున్న కరుణకి మాత్రం నవ్వు రాలేదు. ఆమె వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి. ఆ పేరు టైపు చేసింది తనే.

కరుణది రేపల్లె. లూథరన్ బడిలో పంతులు లాజరు కూతురు. తెనాలిలో కంప్యూటర్ కోర్సు చేసి, తొంభై ఒకటి చివర్లో ఈ బాపట్ల ఆఫీసులో కాంట్రాక్టు మీద చేరింది. తుఫానులో పడవలు పోయినవాళ్లకి సర్కారు కొత్త పడవలిస్తోంది. వాళ్ల వివరాలు కంప్యూటర్లో ఎక్కించడం పని. దానికి వాడే ప్రోగ్రాం రాసింది తెనాలిలో ఆమెకి పాఠం చెప్పిన పాండురంగారావే.

ఆ ప్రోగ్రాంతో కరుణ మూడు నెలలు కుస్తీ పట్టింది. ఒక తప్పు మీట నొక్కితే నింపిన పేజీ అంతా మాయం. వెనక్కి వెళ్లే దారి లేదు. ఒకసారి సేవ్ చేస్తే ఇక దిద్దడం కుదరదు. అన్నిటికంటే పెద్ద తంటా, పడవకి ఒకే పేరు. రెండో పేరు కొట్టబోతే తెర కింద ఎర్రక్షరాలతో "చెల్లదు" అని ఇంగ్లీషులో వచ్చి కీచుమని అరిచేది. ఈ లోపాలన్నీ నోటుపుస్తకంలో రాసి, ఇలా మారిస్తే బాగుంటుందని బొమ్మలు గీసి, ఆమె రెండుసార్లు తెనాలికి ఉత్తరం పంపింది. జవాబు రాలేదు.

ఆ తీరంలో పడవ ఒక్కరిది కాదు. నలుగురో ఐదుగురో కలిసి కొంటారు. పట్టిన చేపలో పంపకం ఆ వాటాలను బట్టే. మొగుడు పోతే వాటా పెళ్లానిది. కాగితం ఎవరూ రాసుకోరు, ఊరందరికీ తెలుసు కాబట్టి. వెంకాయమ్మకి ఇప్పుడున్న ఆధారమల్లా రాబోయే పడవలో ఐదో వంతు వాటా. పడవ రద్దయితే ఇక పొయ్యి మీదికి ఏదీ రాదు.

మూడు నెలల కింద వెంకాయమ్మ, పోలయ్య, అంకారావు, ఇంకో ఇద్దరు వాటాదారులు వచ్చి ఇదే గదిలో నిలబడ్డారు. "ఒక్క పేరే పడుతుందండి, ఎవరిది రాయమంటారు?" అని కరుణ అడిగింది. ఎవరి పేరు రాసినా రేపు ఆ ఒక్కడూ పడవ అమ్ముకుంటే దిక్కెవరు? బయటికి వెళ్లి అరగంట పోట్లాడుకుని తిరిగొచ్చారు. "గంగమ్మ అని రాయి పాపా" అన్నాడు పోలయ్య. వాళ్లలో ఒక ఆవిడ పేరనుకుంది కరుణ. కొట్టింది. సేవ్ చేసింది.

అమ్మవారి పేరైతే ఎవరూ అమ్ముకోలేరని వాళ్ల లెక్క.

"నేనేనండీ గంగమ్మని!"

గేటు దగ్గరనుంచి వచ్చిన ఆ గొంతుకి జనమంతా తిరిగి చూశారు. మడత విప్పని కొత్త చీరలో ఒక ఆడమనిషి. చేతిలో రేషన్ కార్డు. ఆమె వెనక తెల్ల చొక్కా, నవ్వుతున్న మొహం. చేపల వ్యాపారి నరసింహం!

కిందటి విడతలో ఒక్క పేరు మీద ఇచ్చిన పడవల్లో పదకొండు ఇప్పటికే అతని చేతికి వచ్చాయి. పేరున్నవాడికి నాలుగు డబ్బులిస్తే చాలు, మిగతా వాటాదారుల ఊసే ఎత్తక్కర్లేదు. వారం నుంచి గోడమీద అంటించిన జాబితాలో గంగమ్మ పేరు చూసి అతను ఊరుకుంటాడా?

"ఇదిగోండి సార్, కార్డు. గంగమ్మ, అదే ఊరు" అన్నాడు.

కృపారావు కార్డు తిప్పి చూశాడు. "పేరు సరిపోయింది. వెయ్యమ్మా వేలిముద్ర."

కరుణ కుర్చీ నెట్టి బయటికి పరిగెత్తింది. "సార్, ఆగండి! అది అమ్మవారి పేరు. తప్పు నాది. నేను కనుక్కోకుండా కొట్టాను."

"కంప్యూటర్లో గంగమ్మ అని ఉంది. గంగమ్మ వచ్చింది. నీకేంటమ్మా బాధ?"

అప్పటికి వెంకాయమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. ఆ కొత్త చీర మనిషిని నెత్తి నుంచి పాదాల దాకా చూసింది. ఇద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకుంటారని అందరూ అనుకున్నారు.

వెంకాయమ్మ చెంగు నడుముకి దోపుకుని, ఆమె కాళ్లమీద సాష్టాంగపడింది.

"తల్లీ! ఇన్నాళ్లకి కనపడ్డావా!"

"అయ్యయ్యో, లెగమ్మా" అంది ఆ మనిషి కంగారుగా.

"ఒరేయ్ పోలయ్యా, చూస్తావేంట్రా? పసుపు తే! అంకారావూ, టెంకాయ పట్రా బజారు నుంచి!" లేచి రెండు చేతులూ జోడించింది. "ఏటేటా కోడిని కోసి మొక్కుతున్నాం గదమ్మా. కిందటేడు కోడి ముట్టిందా? తుఫాను రోజున మా ఆయన నీ పేరే పెట్టి అరిచుంటాడు. వినపడలేదా? చెప్పు తల్లీ!"

షెడ్డులో నవ్వు ఆగిపోయింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి చుట్టూ చేరారు. ఎవరో నుదుట ఇంత కుంకం పెట్టారు. ఎవరో పాదాలమీద నీళ్లు పోశారు. "నా కొడుకు ఎప్పుడొస్తాడమ్మా?" అని ఒక ముసలమ్మ ఆమె గడ్డం పట్టుకుని అడిగింది. ఆ ప్రశ్నలో వేళాకోళం లేదు.

కొత్త చీర మనిషి రెండడుగులు వెనక్కి వేసింది. అమ్మవారి పేరు దొంగిలించి కూచున్నానన్న భయం అప్పుడు పట్టుకుంది.

"నేను గంగమ్మని కాదమ్మోయ్! నా పేరు సుబ్బులు! ఈయనే చీర పెట్టి తీసుకొచ్చాడు!" కార్డు అక్కడే పారేసి గేటు దాటి పరుగు తీసింది.

నరసింహం నవ్వు చెదరలేదు. "సరే సార్. మోసపోయాను. కానీ రూలు రూలే కదా? నూట పదిహేడుకి యజమాని లేడు. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు ఎవరిదో చూడండి."

మొదటి పేరు అతని బావమరిదిది.

గోడ గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. ఐదున్నర పాసింజరు రైలుకి జాబితా ఫ్లాపీతో సహా గుంటూరు వెళ్లాలి. ఫ్లాపీ తీసుకెళ్లడానికి తెనాలి నుంచి వచ్చిన పాండురంగారావు అద్దాల గదిలో ఫ్యాను కింద కూచుని టీ తాగుతున్నాడు.

కరుణ ఆయన ముందు నిలబడింది. "సార్, ఈ రికార్డు మార్చాలి. ఐదు పేర్లు పెట్టాలి."

"కుదరదమ్మాయ్. మోసాలు జరక్కుండా ఉండాలనే సేవ్ అయ్యాక తాళం పడేట్టు రాశాను."

"మోసం చేసేవాడికి తాళం అడ్డం రాలేదు సార్. దిద్దుకోవాల్సిన వాళ్లకే అడ్డమొచ్చింది."

"ఒక వస్తువు, ఒక యజమాని. డిజైనంతా దాని మీద నిలబడి ఉంది."

"ఆ పడవని నీళ్లలోకి తోయాలంటే ఐదుగురు భుజం పెట్టాలి సార్. మీ డిజైన్ ఎప్పుడైనా ఇసకలో పడవ తోసిందా?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "హైదరాబాదు నుంచి కాగితం తెప్పించు. మారుస్తాను."

"కాగితం వచ్చేసరికి పడవ నరసింహం గారి ఇంటి ముందుంటుంది."

కరుణ కూచుంది. ప్రోగ్రాంలోంచి బయటికొచ్చేసింది. ప్రోగ్రాంకి తాళం ఉంది గానీ, దాని వెనక ఉన్న ఫైళ్లకి లేదు. ఆ ఫైళ్లని నేరుగా దిద్దే డీబేస్ తెరిచింది. నల్లటి తెరమీద ఒకే ఒక్క చుక్క మెరిసింది. ఆ చుక్క దగ్గర ఏం టైపు చేయాలో ఆమెకి నేర్పింది పాండురంగారావే.

"ఏం చేస్తున్నావ్?" కృపారావు గుమ్మంలో నిలబడి అరిచాడు. "అది గవర్నమెంటు ఫైలు! మీ నాన్న మొహం చూసి ఉద్యోగం ఇచ్చాను. జాగ్రత్త!"

"దాచిపెట్టి చేయట్లేదండి. తలుపు తీసే ఉంది. అందరూ చూడండి."

కొత్త ఫైలు ఒకటి తయారుచేసింది. అందులో రెండే గడులు. పడవ నంబరు, వాటాదారు పేరు. ఒక నంబరు కింద ఎన్ని పేర్లయినా రాయొచ్చు. ఇన్నాళ్లూ నోటుపుస్తకంలో గీసుకున్న బొమ్మ అదే.

"రండి పిన్నీ. మీ పేరు మీరే చెప్పండి."

వెంకాయమ్మ చెప్పులు బయట విప్పి లోపలికొచ్చింది. తర్వాత పోలయ్య. తర్వాత అంకారావు, మిగతా ఇద్దరూ. ఐదు పేర్లు ఎక్కాయి. ప్రింటు కొట్టడానికి కరుణ పది వరసలు గబగబా రాసింది. నాలుగూ నలభై. మీట నొక్కింది.

ప్రింటరు గర్రుమంది. మొదటి వరస వెంకాయమ్మ. రెండో వరస వెంకాయమ్మ. మూడోది వెంకాయమ్మ. పేజీ నిండింది. ఇంకో పేజీ మొదలైంది. వెంకాయమ్మ, వెంకాయమ్మ, వెంకాయమ్మ.

"ఓహో! బంగాళాఖాతంలో పడవలన్నీ వెంకాయమ్మవేనన్నమాట!" కిటికీ అవతల నరసింహం పగలబడి నవ్వాడు.

కరుణ ప్రోగ్రాం ఆపింది. ఎక్కడ తప్పు? వరసలు చూసింది. మళ్లీ చూసింది. కళ్లకి ఏమీ ఆనడం లేదు. నాలుగూ నలభై ఆరు.

"ఇక చాలు. లే" అన్నాడు కృపారావు.

"స్కిప్ ఏదీ?"

ఆ కేక పాండురంగారావుది. ఆయన ఎప్పుడు లేచాడో, ఆమె భుజం మీదుగా తెరకేసి చూస్తున్నాడు. "తర్వాతి పేరుకి వెళ్లమని చెప్పకపోతే అదెలా వెళుతుంది? నా దగ్గర చదువుకుని స్కిప్ మర్చిపోతావా? సిగ్గులేదూ?"

"ఉందండి" అంది కరుణ. ఆ ఒక్క మాట కొట్టింది.

ఈసారి ఐదు వరసలు. ఐదు పేర్లు. ప్రింటరు ఆగింది.

పాండురంగారావు ఆ కాగితాన్ని చించి చదివాడు. రెండో ఫైలు కట్టిన తీరు మరోసారి తెరమీద చూశాడు. "మూడు నెలల కిందే నేను రాయాల్సింది ఇది" అని తనలో తానే అనుకున్నట్టు అన్నాడు. తర్వాత కాగితం కృపారావు బల్లమీద పెట్టాడు. "ప్రోగ్రాం నాది. మార్పు కూడా నాదేనని రాసుకోండి."

"వద్దు సార్" అంది కరుణ. "నేను చేశాను. నా పేరే రాయండి."

కృపారావు పెన్ను తీశాడు గానీ, సంతకం చేయలేదు. "ఒక పడవకి ఐదు పేర్లా? గుంటూరులో నన్ను చంపేస్తారు. దీన్ని ఒప్పుకోను. మిగతా ముప్పై తొమ్మిది పడవలూ పంచేసి పంపిస్తా."

బయట షెడ్డులో ఒక ముసలాయన లేచాడు. అతని చేతిలో అప్పటికే పడవ కాగితం ఉంది, తన ఒక్కడి పేరు మీద. దాన్ని తెచ్చి వరండా మీద పెట్టాడు.

"ఇది నాకొద్దండి. నా వాటాదారులు నలుగురు. వాళ్ల పేర్లు కూడా ఎక్కితేనే తీసుకుంటా."

"మతి పోయిందా తాతా?"

"ఇన్నాళ్లూ పోయిందండి. మిషను ఒక్క పేరే తింటదన్నారని ఊరుకున్నాం. ఇప్పుడు ఐదు తింది కదా, కళ్లారా చూశాం."

ఇంకొకడు లేచాడు. ఇంకొకడు. వరండా మీద కాగితాలు పేరుకున్నాయి. నరసింహం ఒకడి చెయ్యి పట్టుకుని ఏదో గుసగుసలాడబోయాడు. వాడు విదిలించుకుని, "పక్కకి జరగండి, వరసలో ఉన్నాం" అన్నాడు.

నలభై పడవలూ పంచకుండా గుంటూరు వెళితే ఏమవుతుందో కృపారావుకి వేరే చెప్పక్కర్లేదు. నూట పదిహేడు మీద సంతకం చేశాడు. కాగితం చిరిగేంత గట్టిగా చేశాడు.

వెంకాయమ్మ సిరాలో బొటనవేలు ముంచి, తన పేరెక్కడో కరుణ చూపిస్తే అక్కడ అద్దింది. వేలు వెంటనే తీయలేదు. అలాగే నొక్కి పట్టింది.

"నీ ఉద్యోగం ఇవాళ్టితో సరి" అన్నాడు కృపారావు కరుణతో. "మెమో టైపు చేయిస్తున్నా."

"రేపు ఇవ్వండి సార్. టైపు చేసేది ఇక్కడ నేనొక్కదాన్నే. ఇవాళ నాకు ఖాళీ లేదు."

"ఐదున్నర పాసింజరు?"

"రేపు కూడా ఉంటుందండి" అన్నాడు పాండురంగారావు, పక్క కుర్చీ లాక్కుని కూచుంటూ.

కరుణ తెర వైపు తిరిగింది.

"తాతా, నీ పడవ నంబరు చెప్పు. ఎంతమంది మీరు? తొందరేం లేదు, ఒక్కరినీ మర్చిపోకుండా చెప్పు."