ఎర్రలైటు మీద సిలువ

ప్రొద్దుటూరు దేవపాలుకు ఆ బండంటే ప్రాణం. పాత డీజిల్ వ్యానులో రెండు మంచాలు, గ్యాసుపొయ్యి, చిన్న బాత్రూము పెట్టించి, గండికోట చూడ్డానికొచ్చే వాళ్లకు అద్దెకిస్తున్నాడు. తోలేది బావమరిది ఎడ్విన్. అక్క మొగుడు ఏం చెబితే అది కళ్లు మూసుకుని నమ్మే రకం.

ఎడ్విన్ చెన్నూరులో పెళ్లికి పోయిన రోజు దేవపాలే బండి తీశాడు. నడుస్తూ నడుస్తూ ఇంజన్ ఆగిపోయింది. స్టీరింగు వెనక మీటర్ల పలకలో ఎర్రలైటు వెలిగింది. మెకానిక్ దావూద్ డీజిల్ పంపు విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇది మార్చేదాకా ఘాట్ రోడ్డు ఎక్కియ్యొద్దప్పా. ఇంజన్ ఆగితే బ్రేకు గట్టిపడిపోతాది, స్టీరింగు తిరగదు."

"ఈ ఒక్క ట్రిప్పు పోయొచ్చినాక మార్పిస్తాలే మామా."

సెలవుల్లో బండి నిలబెడితే ఎట్లా? లైటు చూస్తే అద్దెకొచ్చినవాళ్లు బెదురుతారు. అందుకని దానిమీద సిలువ బొమ్మ స్టిక్కరు అంటించాడు. దేవుణ్ణి కూడా పనిలో పెట్టుకున్నాడన్నమాట. పెళ్లినుంచి వచ్చిన ఎడ్విన్ బండి తీసుకుని బయలుదేరే ముందు చర్చి పాస్టరు అయ్యగారు దాని మీద చెయ్యుంచి ప్రార్థన చేస్తే, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నదీ ఈ పెద్దమనిషే.

జమ్మలమడుగు దాటి పులివెందులకు పోతుంటే, ముద్దనూరు ఘాటు దిగుడులో ఇంజన్ ఆగింది. వెనక భార్గవి అనే టీచరమ్మ, ఆమె పిల్లలు ఉన్నారు. ఎడ్విన్ రెండు కాళ్లతో తొక్కినా బ్రేకు పడలేదు. లోయ వైపు పోనీకుండా బలమంతా పెట్టి స్టీరింగు తిప్పి, బండిని కొండకేసి గుద్దాడు. వాళ్లు చిన్న దెబ్బలతో బయటపడ్డారు. అతని కుడిచెయ్యి విరిగింది.

ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయం వచ్చింది. మేలు పొందినవాళ్లు లేచి, జరిగింది సంఘానికి చెప్పి కృతజ్ఞతలు చెల్లించడం అక్కడి ఆనవాయితీ. చేతికట్టుతో ఎడ్విన్ లేచాడు.

"మా బావ సిలువ అంటించి పంపినాడు. అదే మమ్మల్ని కాపాడింది. మా బావ విశ్వాసం శానా గొప్పది."

"స్తోత్రం!" అంది సంఘమంతా. ఆడవాళ్ల వైపు కూర్చున్న ఎడ్విన్ అక్క హెప్సిబా మొగుడి వంక చూసి సంతోషంతో కళ్లు తుడుచుకుంది. దేవపాలుకు తల ఎత్తబుద్ధి కాలేదు. నోరు మూసుకుంటే ఇంతటితో అయిపోతుంది. చెయ్యి అతుక్కున్నాక వీడు మళ్లీ నవ్వుతూ వచ్చి అదే సీట్లో కూర్చుంటాడు. దేవపాలు ఇక కూర్చోలేకపోయాడు. లేచి నిలబడ్డాడు.

"ఆ బొమ్మ కింద ఎర్రలైటు ఉండాది. కనపడగూడదనే అంటించినా. పంపు చెడిపోయిందని దావూద్ ముందే చెప్పినాడు."

ఎడ్విన్ చేతికట్టు పట్టుకుని బావ వైపు తిరిగాడు.

"తెలిసే పంపినావా బావా?"

"తెలిసే పంపినా."

అయ్యగారు పాట ఎత్తుకోబోయి ఆగారు. హెప్సిబా లేచింది. నడిమి దారి దాటి మగవాళ్ల వైపు వచ్చింది. మొగుడి పక్కన చోటున్నా, తమ్ముడి పక్కన కూర్చుంది.