తీగ చివర బిరడా

పాండురంగని చెడ్డవాడని ఎవరూ అనరు. భయస్తుడు, అంతే. కాకపోతే భయస్తుడు చేసే చెడు ముందు చెడ్డవాడు చేసేది ఏపాటి?

తెనాలి నుంచి రోజూ రైల్లో బాపట్ల వచ్చి, అక్కడో ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాడు. తొంభై ఆరో సంవత్సరం మాట. రెండేళ్ళుగా టెంపరరీ. దసరా వెళ్ళాక యూనివర్సిటీ కమిటీ వస్తుందని, ల్యాబు గట్టెక్కితే పర్మనెంటు ఆర్డరు చేతిలో పెడతానని కరస్పాండెంటు పూర్ణచంద్రరావు గారు మాటిచ్చారు.

పదిహేను కంప్యూటర్లనీ కలిపింది పాండురంగే. హైదరాబాదులో మూడు నెలలు ఆ పని నేర్చుకొచ్చాడు. లావుపాటి పసుపు కేబుల్ ఒకటుంటుంది, అది పెద్ద పెద్ద ఆఫీసులకి. టెలిఫోను తీగలా జతలు జతలుగా మెలేసిన రకం అప్పుడప్పుడే వస్తోంది. దాంట్లో ప్రతి కంప్యూటరుకీ విడిగా తీగ లాగి హబ్ అనే పెట్టెలో గుచ్చాలి. ఒక తీగ పాడైనా మిగతావి నడుస్తాయి. కాలేజీ వాళ్ళు కొన్నది మాత్రం సన్నపాటి నల్ల కేబుల్. హబ్బూ గిబ్బూ అక్కర్లేదు, దండలో దారంలా ఒక్కటే తీగ అన్నిటి వెనక నుంచీ పోతుంది. దాని రెండు చివర్లా వేలి కణుపంత వెండిరంగు బిరడా బిగించాలి. టెర్మినేటర్ అంటారు. ఏ ఒక్కటి ఊడినా పదిహేనూ పడకేస్తాయి.

ఈ సంగతి పాండురంగ ఎవరికీ చెప్పలేదు. వాళ్ళ మేనమామ కాశీవిశ్వనాథం చేబ్రోలు రైసుమిల్లులో మోటార్ల పనంతా ఓనరు బావమరిదికి నేర్పి, నేర్పిన నెలకే ఇంటికొచ్చి కూర్చున్నాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఆర్డరు చేతికొచ్చేదాకా విద్య గుప్పిట్లోనే ఉంచాలని పాండురంగ నిర్ణయం.

ల్యాబు ఊడ్చేది రత్తాలు. రేపల్లె వైపు మనిషి, మొగుడు సముద్రంలో పోయాడు. చేపల గంప మోసి మోసి మోకాళ్ళు అరిగాక ఈ ఆయా పనిలో కుదురుకుంది. రైలు ఆలస్యమైతే పాండురంగ కోసం టీ గ్లాసు మూతపెట్టి ఉంచేది.

ఆయుధ పూజ రోజున పొద్దున్నే కాలేజీలో ఉన్న ఇత్తడీ, ఇనుమూ అంతా చింతపండేసి తోముతూ ల్యాబుకొచ్చింది.

"బాబూ, ఈ బిరడా ఏంటి, దేనికీ తగలకుండా ఊరికే ఏలాడతంది? పనికొచ్చేదేనా?"

పక్కనే కొత్త లెక్చరర్ శ్రీనివాసరావు ఉన్నాడు. వింటే కిటుకు పట్టేస్తాడు.

"ఏం లేదు పిన్నీ, ఊరికే" అన్నాడు పాండురంగ. అని, పండక్కి తెనాలి రైలెక్కేశాడు.

సెలవులయ్యాక కాలేజీ తెరిచిన రోజే కమిటీ వచ్చింది, ఆ రోజే అతని రైలు గంట ఆలస్యం. వచ్చేసరికి పదిహేను కంప్యూటర్లూ మొద్దుల్లా కూర్చునున్నాయి, కమిటీ వాళ్ళు గడియారాలు చూసుకుంటున్నారు, పూర్ణచంద్రరావు గారి మొహం కందగడ్డయింది. పాండురంగ తిన్నగా తీగ చివరికి పరిగెత్తాడు. బోసిగా ఉంది. స్పేరు లేదు. గంటసేపు బెంచీల కింద పాకి పాకి వెతికితే, చివరికి ఆఫీసు గదిలో అమ్మవారి పటం ముందు పళ్ళెంలో దొరికింది, తళతళా తోమి, కుంకుమ బొట్టుతో. బిగించగానే అన్నీ లేచాయి. భోజనాలయ్యాక కమిటీ సంతకాలు పెట్టింది. గంటసేపు పోయిన పరువుకి మాత్రం ఎవరో ఒకరు బలి కావాలి కదా.

"ఎవర్నడిగి తీశావ్?" అన్నారు పూర్ణచంద్రరావు గారు రత్తాల్ని పిలిపించి.

"బాబునడిగే తీశానండి. ఏం లేదు, ఊరికే అన్నాడండి."

"ఏమయ్యా?"

పాండురంగ శ్రీనివాసరావు వైపు చూశాడు. శ్రీనివాసరావు నేల గచ్చు చూస్తున్నాడు. పాపం, అతనూ టెంపరరీయే.

"నన్నెవరూ అడగలేదండి" అన్నాడు పాండురంగ.

రత్తాలు అతని వైపోసారి చూసి, చీపురు తీసుకుని వరండా ఊడవడానికి వెళ్ళింది. అబద్ధమని అరిచినా బాగుండేది. సాయంత్రానికి పాండురంగకి ఆర్డరొచ్చింది, ఆమెకి రేపట్నుంచి రావద్దన్న కబురొచ్చింది.

వెళ్ళేముందు క్యారేజీ సంచి పట్టుకుని ల్యాబు గుమ్మంలో నిలబడింది.

"రేపల్లె పోతన్నా బాబూ. మళ్ళీ గంపే. ఓ మాటడుగుతా, ఇప్పుడన్నా చెప్పు. ఏంటది?"

సిగ్గుతో చచ్చిపోతూ చెప్పాడు. తీగలో పోయే కబురు చివరికెళ్ళి గోడక్కొట్టిన బంతిలా వెనక్కి రాకుండా ఆ బిరడా మింగేస్తుంది పిన్నీ, అది లేకపోతే వెళ్ళేదీ వచ్చేదీ గుద్దుకుని అన్నీ ఆగిపోతాయి అన్నాడు. అర నిమిషం పట్టలేదు.

రత్తాలు శ్రద్ధగా వింది.

"ఇంతేనా" అంది. "నాకే అర్థమైందే. ఆ రోజు ఈ నాలుగు ముక్కలూ చెప్పుంటే నేను ముట్టుకునేదాన్నా?"

సంచి చంకన పెట్టుకుని, బస్టాండు వైపు వెళ్ళిపోయింది.

సోమవారం కొత్త ఆయా వచ్చింది. ఆ బిరడా ఏంటని ఆమె అడగలేదు, పాండురంగ చెప్పలేదు.