కంట్లో పెట్టని కుంకుమ

కర్నూలు వన్‌టౌన్‌లో ఇనుప సామాన్ల అంగడి నడిపే రామసుబ్బయ్య, తన ఇంట్లోకి టీవీలో ఆటలాడుకునే ప్లేస్టేషన్ వచ్చిన రోజున దాన్ని చూసిన చూపుకు అది అక్కడికక్కడే కాలిపోవలసింది. గట్టి పిండం, కాలిపోలేదు. డిగ్రీ ముగించి అంగట్లో కూర్చుంటున్న కొడుకు తేజేశ్వర్ దాన్ని టీవీ కింద బల్ల మీద పెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచి, పెళ్ళికూతుర్ని చూసుకున్నట్టు చూసుకున్నాడు.

ఆ మిషన్‌కు హైదరాబాదులో ఎవరో పొట్ట కోసి చిప్పు వేసి ఇచ్చారు. ఆ చిప్పు ఉన్నదంటే అసలు సీడీ, కాపీ సీడీ అన్న తేడా దానికి తెలియదు, ఏది పెట్టినా ఆడుతుంది. అసలు సీడీలు కర్నూల్లో దొరకవు, దొరికినా రామసుబ్బయ్య కొననివ్వడు. కల్లూరులో కంప్యూటర్ పెట్టుకున్న స్నేహితుడు లేవికి ఖాళీ సీడీలు తీసుకుపోయి ఇస్తే ఏ ఆట కావాలంటే ఆ ఆట ఎక్కించి ఇచ్చేవాడు. ఇంట్లో ఉన్న అసలు సీడీ అంటే మిషన్‌తో పాటు వచ్చింది ఒక్కటే.

ఆ మిషన్‌కు రామసుబ్బయ్య శత్రువైతే, ఆయన భార్య సుందరలక్ష్మి స్నేహితురాలైంది. మొదట్లో చిక్కుళ్ళు వలుస్తూ పక్కన కూర్చునేది. ఒకరోజు కొడుకు రెండో రిమోటు చేతిలో పెట్టాడు. సముద్రం పక్కన రోడ్డు మీద కార్లు పరుగెత్తే ఆట అది. ముందు కారును దాటిపోవడం ఆవిడకు చేతకాదు, చేతకావాలన్న కోరికా లేదు.

"పోనీలే నాయనా, వాళ్ళకేం తొందర పనులుండాయో," అని అందరికీ దారి ఇచ్చేది. ఇచ్చి, కారును మెల్లగా పక్కకు తీసి సముద్రం వైపు తిప్పి నిలబెట్టేది.

ఆ ఇంటివాళ్ళ యాత్రలు మంత్రాలయం, అహోబిలం దాటి ఎప్పుడూ పోలేదు. సుందరలక్ష్మి సముద్రాన్ని చూసింది ఆ టీవీలోనే. అలలు వచ్చి పోతుంటే రిమోటు ఒళ్ళో పెట్టుకుని చూసేది. టైమైపోయింది, ఓడిపోయావు అని తెర మీద ఎర్రక్షరాలు పడితే "దానికేం తెలుసు" అనేది. తేజేశ్వర్ మొదట నవ్వాడు, తర్వాత అలవాటు పడ్డాడు. చివరికి సాయంత్రం అంగడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోగానే "అమ్మా, సముద్రానికి పోదామా?" అని అడిగేదాకా వచ్చాడు. ఇరవై దాటిన కొడుకు తల్లితో మాట్లాడేదే తక్కువ. ఆ తల్లీకొడుకులు మాత్రం ఆ గంటసేపట్లో లోకం మీది కబుర్లన్నీ చెప్పుకునేవాళ్ళు.

ఆ ఏడు దసరాకు ముందు మంచి ఖాళీ సీడీలు దొరకక తేజేశ్వర్ నాసిరకంవి తెచ్చాడు. వాటిని చదవడానికి మిషన్ గింజుకునేది. మిషన్ లోపల, సీడీని చదివే అద్దపు బిళ్ళ పక్కన, చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. దాన్ని కాస్త తిప్పితే చెత్త సీడీలు కూడా చదువుతుందని కుర్రాళ్ళలో ఒక వైద్యం ప్రచారంలో ఉండేది.

"తిప్పితే చూపు పెరుగుతాది గానీ తొందరగా గుడ్డిదైతాదప్పా. దాని జోలికి పోవద్దు," అని లేవి ముందే చెప్పాడు.

చెబితే వినే వయసా అది? మహర్నవమి ముందు రోజు మిషన్ విప్పి తిప్పాడు. మధ్యాహ్నమంతా అద్భుతంగా ఆడింది. పొద్దు గూకే వేళకు తడబడి ఆగిపోయింది. వేడెక్కిందిలే అనుకుని మూసిపెట్టాడు.

మర్నాడు ఆయుధపూజ. సుందరలక్ష్మికి ఒక పద్ధతి ఉంది. ఏ వస్తువుకైనా అది పని చేసే చోటే బొట్టు పెట్టాలి. తక్కెడకు ముల్లు దగ్గర, కుట్టుమిషన్‌కు సూది దగ్గర, సైకిలుకు గొలుసు దగ్గర. మరి ప్లేస్టేషన్‌కు? కొడుకే ఒకసారి మూత తెరిచి "ఇదేమ్మా దీని కన్ను, దీంతోనే సీడీ చదువుతాది" అని చూపించి ఉన్నాడు. ఆవిడ మూత తెరిచి, గంధం, కుంకుమ అద్ది, అక్షింతలు మాత్రం బయటే చల్లి, దణ్ణం పెట్టుకుంది. తన సాయంత్రాలకు దీపం పెట్టిన మిషన్ కదా, ఇంట్లో అన్నిటికంటే దానికే ఎక్కువసేపు మొక్కింది.

పూజ రోజు దేన్నీ వాడకూడదు కాబట్టి తేజేశ్వర్ మిషన్ ముట్టలేదు. విజయదశమి సాయంత్రం పెట్టి చూస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. మూత తెరిచాడు. ఎర్రగా కుంకుమ కనపడింది. జమ్మి ఆకు ఇచ్చి పెద్దల కాళ్ళకు మొక్కడానికి వచ్చిన ఇరుగుపొరుగు అప్పుడు వసారాలోనే ఉన్నారు.

"నీకేం తెలుసని దీంట్లో చెయ్యి పెట్టినావు? నాశనం చేసినావు గదా! కనపడిన దానికల్లా కుంకుమ పూసేదేనా?" అని వాళ్ళందరి ముందూ తల్లి మీద అరిచాడు.

సుందరలక్ష్మి బిత్తరపోయింది. "కంటికి తగలనీలేదు నాయనా. కంట్లో ఎవరన్నా కుంకుమ పెడతారా? పక్కన పెట్టినా."

"ఇంక నువ్వు మాట్లాడొద్దు!"

జమ్మి ఆకు పట్టుకుని నిలబడినవాళ్ళు దాన్ని ఎవరి చేతిలో పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశారు. రామసుబ్బయ్య ఒక్కడికే ఆ రోజు నిజమైన పండగ. "పీడ పోయింది. రేయ్, మీ అమ్మ చేసింది గాబట్టి సరిపోయె. నువ్వు చెడగొట్టింటే దాన్ని తీసుకపోయి తుంగభద్రలో ఇసిరేస్తాంటి," అని నవ్వాడు.

అందరూ పోయాక తేజేశ్వర్ దూది తీసుకుని శుభ్రం చేయడానికి కూర్చున్నాడు. బొట్టు కంటికి ఇవతలగా, పక్కనున్న ప్లాస్టిక్కు మీద, గుండ్రంగా ఉంది. కన్ను తళతళలాడుతోంది, దాని మీద ఒక్క రేణువు లేదు. ఉన్న ఒక్క అసలు సీడీ పెట్టి చూశాడు. దాన్నీ చదవలేదు. అప్పుడు స్క్రూ గుర్తొచ్చింది.

ఆ క్షణాన లేచి ఆ మాట తల్లికి చెప్పి ఉంటే పోయేది. లేచాడు కూడా. వంటింటి గుమ్మం దాకా వెళ్ళాడు. ఆవిడ అటు తిరిగి భక్ష్యాలు కాలుస్తోంది. చెబితే నాయనకు తెలుస్తుంది, తెలిస్తే మిషన్ తుంగభద్ర పాలవుతుంది. అదీ అతని లెక్క. మంచినీళ్ళు తాగి వెనక్కి వచ్చేశాడు. ఒక ప్లాస్టిక్ డబ్బా కోసం తల్లిని అమ్ముకున్నాడని ఎవరైనా అంటే ఆ రోజు ఒప్పుకునేవాడు కాదు. తర్వాత తనకు తానే ఆ మాట ఎన్నోసార్లు అనుకున్నాడు.

"పాపం, ఆడమనిషి తెలీక చేసిండాది," అని రామసుబ్బయ్యే జాలిపడి కొత్త కన్ను వేయించుకోమన్నాడు. దీపావళికల్లా మిషన్ బాగై వచ్చింది.

"అమ్మా, సముద్రానికి పోదామా?"

"వద్దులే నాయనా. మళ్ళా ఏమన్నా అయితాది. నువ్వాడుకో," అంది సుందరలక్ష్మి. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బతిమాలుకునేవాడు.

ఆవిడ మళ్ళీ రిమోటు పట్టలేదు. ఇల్లు ఊడుస్తూ ఆ బల్ల దగ్గరికి వచ్చేసరికి చీపురు ఆపి చుట్టూ తిరిగి పోయేది. తేజేశ్వర్ ఒక్కడే ఆడాడు. అన్ని పందేలూ గెలిచాడు. గెలిచి ఎవరికి చెప్పాలో తెలిసేది కాదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే రెండేళ్ళు గడిపాడు. ఆ మాట ఎంత ఆలస్యమైతే అంత బరువెక్కింది.

రెండేళ్ళ తర్వాత శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం వచ్చింది. తాంబూలాలకు వచ్చిన ఆడవాళ్ళతో హాలు నిండిపోయింది. ఎదురింటికి కొత్తగా కాపురానికి వచ్చిన ఉదయశ్రీ టీవీ కింద చూసి "అత్తా, ఇదేంది?" అని అడిగింది. అరటిపండ్ల గంప మోసుకుని వస్తున్న తేజేశ్వర్ గడపలోనే ఆగాడు.

సుందరలక్ష్మి నవ్వు మొదలుపెట్టింది. ఆ కథ ఆవిడ చాలామందికి చెప్పినట్టుంది, ఎక్కడ ఆగాలో ఎక్కడ నవ్వించాలో బాగా తెలుసు.

"నా ఘనకార్యం చెప్తా ఇను. ఆయుధపూజ నాడు కుంకుమ తీసుకపోయి సరిగ్గా దాని కంట్లో పెట్టినా! పాపం, గుడ్డిదైపాయ. నాకేం తెలుసని దాంట్లో చెయ్యి పెట్టల్ల? శానా దుడ్లు పెట్టి బాగు చేయించుకునె మా తేజ."

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. తేజేశ్వర్ గంప దించాడు.

"అమ్మా, నువ్వు కంట్లో పెట్టలేదు. పక్కన పెట్టినావు. దాన్ని చెడగొట్టింది నేను."

నవ్వులు ఆగాయి. అతను స్క్రూ సంగతి చెప్పాడు. లేవి వద్దన్న సంగతి చెప్పాడు. నాయనకు భయపడి దాచిన సంగతీ చెప్పాడు. చెప్పేకొద్దీ ఆడవాళ్ళ ముఖాల్లో అతని మీద ముచ్చట పెరుగుతూ వచ్చింది.

"చూసినావా ఉదయా!" సుందరలక్ష్మి కళ్ళు తుడుచుకుంది. "నలుగుర్లో నన్ను చిన్నబుచ్చకూడదని తప్పంతా నెత్తినేసుకుంటాండాడు. ఇట్లాంటి కొడుకు ఎంతమందికుంటాడు?"

"ఒట్టుమ్మా. నువ్వు కంట్లో పెట్టలేదు."

"పెట్టినాలే నాయనా," అంటూ ఆవిడ నానబెట్టిన శనగలు అతని చేతిలో పోసింది. "నాకు బాగా గుర్తుండాది."